అలాస్కాలో డాల్ పొట్టేలు వేట: గైడ్‌తో మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్రిస్కో_శ్రీను

అందరికీ నమస్కారం. ఉండేది ఫ్రిస్కోలో, ఇంకా హెచ్-1బి మీదే. టెక్సస్‌లో జింకల వేట అలవాటైంది, 200 గజాల లోపు గురికి ఢోకా లేదు. ఇప్పుడు అలాస్కా వెళ్లి డాల్ పొట్టేలు, అంటే అక్కడి కొండల్లో తిరిగే తెల్ల అడవిగొర్రెల్లో మగదాన్ని, కొట్టాలని ఉంది. అన్నీ కలిపి 35 వేల డాలర్ల దాకా పెట్టగలను. ఆగస్టులో రెండు వారాలు సెలవు దొరుకుతుంది.

తెలియనివి ఇవి. వీసా మీద ఉన్నవాడు రైఫిల్ పట్టుకుని అలాస్కా వెళ్లొచ్చా? ఆంకరేజ్‌లో మా బావమరిది ఏళ్లుగా ఉంటున్నాడు, గైడ్ బదులు అతను వెంట ఉంటే చాలని ఎవరో అన్నారు, నిజమేనా? గైడ్‌నే పెట్టుకుంటే, మంచివాడో కాదో ఇక్కడ కూర్చుని తేల్చుకునేదెలా? నా దగ్గరున్నది .243, కొత్త రైఫిల్ కొనాలా? ఇక అది చట్టం ఒప్పుకునే పొట్టేలేనా, అంటే కొమ్ము పూర్తి చుట్టు తిరిగిందా లేదా అన్నది గైడే చూసుకుంటాడు కదా, నేను కూడా నేర్చుకోవాలా?

కాగితాల_కామేశం

శ్రీను గారూ, కొండ సంగతి తర్వాత, ముందు వీసా సంగతి చూడండి. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటే: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. గ్రీన్‌కార్డు వాళ్లకి ఈ గొడవ లేదు.

చాలామంది బోల్తా పడేది గడువు దగ్గరే. టెక్సస్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1న కొత్తది తీసుకోకపోతే, మీరు వేటకి వెళ్లినా వెళ్లకపోయినా, ఇంట్లో బీరువాలో ఉన్న రైఫిలే మీ మీద కేసు. అలాస్కా లైసెన్స్ డిసెంబరు 31 దాకా ఉంటుంది. ఆగస్టు చివర్లో బయలుదేరి సెప్టెంబరులో తిరిగొచ్చేలా అయితే రెండూ జేబులో ఉంచుకోండి. కొత్త రైఫిల్ కొంటే షాపులో నింపే 4473 ఫారంలో నాన్ఇమిగ్రెంట్ అని నిజమే రాసి, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) నంబరు వేసి, లైసెన్స్ చూపించాలి. అక్కడ "కాదు" అని టిక్ పెట్టేస్తే అది వేరే నేరం, ఇమిగ్రేషన్ ఫైల్ దాకా పాకుతుంది.

బావమరిది విషయం. అలాస్కాలో బయటివాళ్లు డాల్ గొర్రె, కొండమేక, బ్రౌన్ బేర్ వేటాడాలంటే లైసెన్స్ ఉన్న గైడ్ ఉండాలి, లేదా 19 ఏళ్లు నిండిన అలాస్కా రెసిడెంట్ అయిన దగ్గర బంధువు వెంట ఉండాలి. దగ్గర బంధువు అంటే ఎవరో జాబితా ఉంది: తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్యాభర్తలు, పిల్లలు, తాతామామ్మలు, మనవలు, అత్తమామలు, బావా బావమరుదులు, వదినా మరదళ్లు, అల్లుళ్లు, కోడళ్లు. కాబట్టి మీ భార్య సొంత తమ్ముడైతే పనికొస్తాడు. పిన్ని కొడుకు, పెదనాన్న కొడుకు పనికిరారు. మనం అన్నయ్య అని పిలుస్తాం గానీ వాళ్ల లెక్కలో అతను కజినే. మేనమామ, బాబాయి కూడా అంతే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అలాస్కా వేట శాఖ (ఫిష్ అండ్ గేమ్) వాళ్లు మిమ్మల్ని "నాన్‌రెసిడెంట్ ఏలియన్" కింద వేస్తే బంధువు దారి మూసుకుపోతుంది, గైడ్ తప్పనిసరి. అమెరికాలో నివాసం లేని విదేశీయుల కోసం పెట్టిన వర్గం అది. అయినా లైసెన్స్ కొనేముందు ఫిష్ అండ్ గేమ్ వాళ్లకి మీ వీసా వివరాలు రాసి, జవాబు ఈమెయిల్‌లోనే తెప్పించుకోండి. ఫీజు కూడా మారుతుంది: మామూలు నాన్‌రెసిడెంట్‌కి లైసెన్స్ 160, గొర్రె ట్యాగ్ (ఒక జంతువుకి విడిగా కొనే అనుమతి) 850 డాలర్లు. ఏలియన్‌కి 630, 1,100.

మీ బడ్జెట్ లెక్క: గైడ్ ఫీజు 28 వేలు అనుకుంటే, లైసెన్స్, ట్యాగ్ కలిపి 1,010, టిప్ పది శాతం అంటే 2,800. అక్కడికే 31,810. టికెట్లు, హోటల్, సామాన్లు, మాంసం రవాణా మిగిలిన మూడు వేలలో సర్దాలి. తోలు స్టఫింగ్ ఖర్చు ఇందులో లేనే లేదు. అంటే మీరు 28 వేలు దాటకుండా వెతకాలి. ఈమధ్య డాల్ వేట ధరలు 25 నుంచి 40 వేల మధ్య నడుస్తున్నాయి.

కెనడాలో యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో కూడా డాల్ దొరుకుతుంది. కానీ హెచ్-1బి వాళ్లు రైఫిల్‌తో సరిహద్దు దాటి మళ్లీ అమెరికాలోకి తేవాలంటే తుపాకుల ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ దగ్గర 6ఎన్ఐఏ ఫారం ముందే ఆమోదం అయ్యుండాలి. పైగా మనకి కెనడా వీసా. మొదటిసారికి అలాస్కాయే నయం.

ఆంకరేజ్_అన్న

గైడ్ సంగతి నేను చెప్త. అలాస్కాల మూడు రకాల మనుషులు కనిపిస్తరు, ముగ్గురిని ఒక్క గాట కట్టొద్దు. రిజిస్టర్డ్ గైడ్ అంటే కాంట్రాక్ట్ రాసేటోడు, బాధ్యత ఆయనదే. అసిస్టెంట్ గైడ్ అంటే ఆయన కింద పని జేసేటోడు, కొండ మీద నీ ఎంబడి పది రోజులు ఉండేది చాలాసార్లు ఈయననే. ట్రాన్స్‌పోర్టర్ అంటే విమానంల దించి పోయేటోడు, వాడు గైడ్ కాడు. "15 వేలకే గొర్రె వేట" అని కనిపిస్తే ముందుగాల్ల అది ట్రాన్స్‌పోర్టరేమో చూడు. లైసెన్సులు రాష్ట్రం వెబ్‌సైట్ల పేరు కొట్టి ఎవరైనా చూడొచ్చు.

అసలు అడగాల్సింది భూమి గురించి. 1988ల అలాస్కా సుప్రీంకోర్టు ఓసిచెక్ కేసుల ఒక తీర్పు ఇచ్చింది. అప్పటి సంది రాష్ట్రం భూమి మీద ఒక గైడ్‌కు ఒక ఏరియా అని సొంతానికి రాసిచ్చేది బందయింది. ఒక్కో గైడ్ మూడు ఏరియాల దాకా రిజిస్టర్ చేసుకోవచ్చు గానీ, అదే లోయల ఇంకో గైడ్, లోకల్ వేటగాళ్లు గూడ ఉండొచ్చు. ఫెడరల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లల్ల (అభయారణ్యాలల్ల), నేషనల్ ప్రిజర్వులల్ల ముచ్చట వేరే. అక్కడ కన్సెషన్ పర్మిట్ (ఆ భూమి మీద గైడ్ పని జేసుకునే అనుమతి) ఉన్న గైడే వేట చేయిస్తడు, గుంపు తక్కువ. అందుకే రేటు ఎక్కువ. నేషనల్ పార్క్ల మాత్రం మనకు వేట లేదు, ప్రిజర్వ్‌లనే.

డిపాజిట్ కట్టేముందు గివి రాతల తీసుకో. సీజన్ మొత్తంల ఎంతమందిని తీస్కపోతవు? పోయిన మూడేండ్లల ఎన్ని పొట్టేళ్లు పడ్డయి, ఎంతమంది ఖాళీ చేతులతో పోయిండ్రు, ఒక్కో పొట్టేలు ఎన్నేండ్లది? ఎనిమిది, తొమ్మిదేండ్లయే ఎక్కువ ఉంటే, చట్టం ఒప్పుకునే వయసుకు అంచు మీద ఉన్నదాన్నే కొడుతున్నరన్నట్టు. పది, పదకొండేండ్లయి పడుతున్నయంటే ముసలి పొట్టేళ్లు ఇంక మిగిలినయన్నట్టు, ఆ ఏరియా మంచిగున్నది. నీ ఎంబడి ఉండే అసిస్టెంట్ ఎవరు, ఎన్ని సీజన్లు జేసిండు? వేట నియమాలు పెట్టే రాష్ట్ర బోర్డు ఆ యూనిట్‌ను (వేట ఏరియాను) బయటోళ్లకు మూసేస్తే పైసలు వాపస్ ఇస్తవా? ఇది ఊరికే అడిగేది కాదు. వరుసగ చెడ్డ చలికాలాలు వచ్చి గొర్రెలు మస్తు సచ్చినయి, కొన్ని యూనిట్లు నిజంగనే మూసిండ్రు.

రెఫరెన్సులు అడిగినప్పుడు పొట్టేలు దొరకనోళ్ల నంబర్లు అడుగు. దొరికినోడు అందరినీ మెచ్చుకుంటడు.

ఇంకొకటి. మంచి గైడ్ రెండు మూడేండ్ల ముందే నిండిపోతడు. వచ్చే ఆగస్టుకే కావాలంటే క్యాన్సిలేషన్ స్లాట్ దొరకాలె. దొరికితే సంబరపడి వెంటనే పైసలు పంపకు, పైనయన్నీ దానికి గూడ అడుగు. సీజన్ చాలా చోట్ల ఆగస్టు 10 నుంచి సెప్టెంబర్ 20. తిరుగు టికెట్‌కు ముందు మూడు దినాలు ఖాళీ ఉంచు. సూపర్ కబ్ అనే చిన్న విమానం ఒక్క మనిషిని, 50-60 పౌండ్ల సామానును మోస్తది. మబ్బు దిగితే అది రాదు, నీ ఆఫీసు సెలవు లెక్క దానికి తెల్వదు. దాంట్ల గట్టి సూట్‌కేస్ పట్టదు, అన్నీ మెత్తటి సంచులల్ల సర్దు. విమానం దిగిన దినం వేట నిషేధం, మరునాడు పొద్దుగాల 3 దాటాలె.

డెన్వర్_డుంబు

శ్రీను గారూ, కాళ్ల గురించి మీరు అడగనే లేదు. డబ్బులు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే. డాల్ ఉండే కొండల ఎత్తు చాలావరకు 3,000 నుంచి 6,000 అడుగులు, కాబట్టి ఊపిరాడకపోవడం పెద్ద సమస్య కాదు. సమస్యల్లా నేలే. అడుగు వేస్తే జారిపోయే పలకరాళ్లు, కింద లోయలో బంతుల్లా ఊగే గడ్డి దుబ్బులు, వీపు మీద 50-60 పౌండ్లు. ఫ్రిస్కోలో కొండ లేదని దిగులుపడక్కర్లేదు. ట్రెడ్‌మిల్ వాలు 15 శాతానికి పెట్టి, 20 పౌండ్లతో మొదలుపెట్టి రెండు వారాలకోసారి ఐదేసి పౌండ్లు పెంచుకుంటూ పోతే, నాలుగు నెలల్లో 60కి వస్తారు. వారానికి మూడు రోజులు, గంట చొప్పున. ఒక రోజు మాత్రం స్టేడియం మెట్లు: ఎక్కడం కోసం కాదు, దిగడం కోసం. పొట్టేలును మోసుకుని దిగేటప్పుడు తొడ ముందు కండరాలు, మోకాళ్లు చేతులెత్తేస్తాయి. ట్రెడ్‌మిల్ దానికి తయారుచేయదు.

బూట్లు గట్టి అడుగున్న మౌంటెన్ బూట్లే, మామూలు హైకింగ్ షూ వద్దు. వేట నాటికి బరువుతో కనీసం 100 కిలోమీటర్లు నడిచి ఉండాలి. కాలి గోళ్లు వారం ముందే కత్తిరించుకోండి, ముందు రోజు కత్తిరిస్తే ఒరుసుకుంటాయి. మడమ వెచ్చబడుతోందనిపిస్తే అక్కడే ఆగి ల్యూకోటేప్ (చర్మానికి గట్టిగా అంటుకునే టేప్) వేయండి. "శిఖరం దాకా వెళ్లాక చూద్దాం" అనుకుంటే బొబ్బ చిట్లి రెండు రోజులు టెంట్ పాలు.

బట్టల్లో కాటన్ అన్నది ఒక్కటి కూడా ఉండొద్దు, బనియన్‌తో సహా. మెరీనో ఉన్ని, డౌన్ జాకెట్, మంచి రెయిన్ జాకెట్, రెయిన్ ప్యాంటు. ఆగస్టులోనే మంచు పడొచ్చు.

వాగులు దాటడం: హిమానీనదాల నీళ్లు తెల్లారుజామున తక్కువ, ఎండకి మంచు కరిగి మధ్యాహ్నానికి పెరుగుతాయి. పొద్దున మోకాలి లోతున్నది సాయంత్రానికి నడుము దాకా రావచ్చు. దాటేముందు బ్యాగు నడుం పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయాలి. పడితే బ్యాగు మనల్ని ముంచకూడదు.

తిండి గైడే ఇస్తాడు, చాలావరకు ఫ్రీజ్-డ్రైడ్ ప్యాకెట్లు. అవి నాలుగో రోజుకి నోటికి సహించవు, తినడం తగ్గుతుంది, ఆరో రోజుకి కాళ్లు లేవవు. రోజుకి 3,500 క్యాలరీలు అందాలి, కానీ తిండి బరువు 850 గ్రాములు దాటకుండా చూసుకోవాలి. మన పల్లీ చిక్కీ, నేతి సున్నుండలు ఈ లెక్కకి చక్కగా సరిపోతాయి. 100 గ్రాములకి ఇంచుమించు 500 క్యాలరీలు, చలికి గట్టిపడినా నమలొచ్చు. అటుకులు వేడినీళ్లలో రెండు నిమిషాలు, పైన కరివేపాకు పొడి, చెంచా నెయ్యి. పప్పు, బియ్యం వద్దు, ఉడికేసరికి స్టవ్ గ్యాస్ తినేస్తాయి. ఆవకాయ అసలే వద్దు. నూనె కారి బ్యాగంతా వాసన పడితే ఎలుగుబంటికి శుభలేఖ పంపినట్టే. గ్యాస్ డబ్బా, బేర్ స్ప్రే ప్రయాణికుల విమానంలో ఎక్కనివ్వరు, అక్కడే కొనుక్కోండి.

కొమ్ములెక్క

అసలు ప్రశ్న చివరన అడిగారు. కొమ్ము లెక్క మీరూ నేర్చుకోవాల్సిందే. ట్రిగ్గర్ నొక్కేది మీరు, ట్యాగ్ మీది. లెక్క తప్పితే కొమ్ములు, మాంసం రాష్ట్రం తీసేసుకుంటుంది, పైన కేసు. గైడ్‌కి కూడా పడుతుంది, కానీ మీది పోదు.

అలాస్కాలో చాలాచోట్ల చట్టబద్ధమైన పొట్టేలు అంటే ఈ మూడింటిలో ఒకటి ఉండాలి: కనీసం ఒక కొమ్ము పక్క నుంచి చూస్తే పూర్తిగా 360 డిగ్రీలు తిరిగి ఉండాలి, లేదా రెండు కొమ్ముల కొనలూ విరిగి ఉండాలి, లేదా ఎనిమిదేళ్లు నిండి ఉండాలి.

మొదటిది. చేతి గాజును కంటికెదురుగా పట్టుకుంటే గుండ్రంగా కనిపిస్తుంది, కాస్త పక్కకి తిప్పితే కోడిగుడ్డు. కొమ్ము కూడా అంతే. పొట్టేలు తల సరిగ్గా పక్కకి తిరిగినప్పుడే చుట్టు తెలుస్తుంది. కింద నుంచి పైకి చూసినా, ఏటవాలుగా చూసినా తక్కువ తిరిగిన కొమ్ము పూర్తయినట్టు మోసం చేస్తుంది. కాబట్టి ఒక చూపుతో తేల్చొద్దు. తల తిప్పేదాకా, లేచి మేసేదాకా, అవసరమైతే రెండు గంటలు స్పాటింగ్ స్కోపు (దూరం చూసే దుర్భిణి) వెనకే. మధ్యాహ్నం రాళ్ల మీద వేడి గాలి కొమ్ము అంచుని వణికిస్తుంది, ఆ టైములో 60 రెట్ల జూమ్ పెట్టినా దండగే. 30కి తగ్గించండి, లేదా మబ్బు పట్టేదాకా ఆగండి.

రెండోది. "విరిగిన" అంటే కొన చెక్కు లేచినా, బీటలు వారినా చాలదు. పొట్టేలు పిల్లగా ఉన్నప్పుడు మొలిచిన ఆ మొదటి కొన మొత్తం పోయి ఉండాలి. ఆ పిల్లకొన లోపలి వైపు గుంటగా ఉంటుంది, అది ఏమాత్రం కనిపించినా విరిగినట్టు కాదు. అదీ రెండు కొమ్ములకీ. ఒకటే విరిగితే లెక్కలోకి రాదు.

మూడోది, వయసు. చలికాలంలో కొమ్ము ఎదుగుదల ఆగుతుంది, అక్కడ ఒక వలయం పడుతుంది. ఏడాదికొకటి. మొదటి ఏళ్లలో వలయాల మధ్య దూరం ఎక్కువ, ముసలితనంలో మొదలు దగ్గర ఇరుకిరుకుగా పడతాయి. నిజమైన వలయం కొమ్ము చుట్టూ పూర్తిగా తిరుగుతుంది. దొంగ గీతలు సగంలో ఆగిపోతాయి. మొట్టమొదటి వలయం కొన దగ్గర చెరిగిపోయి కనిపించకపోవచ్చు. దూరం నుంచి వలయాలు లెక్కపెట్టి కాల్చడం మొదటిసారి వెళ్లేవాళ్ల పని కాదు. చుట్టు నూటికి నూరుపాళ్లు పూర్తయిందనిపిస్తేనే, గైడ్, మీరు విడివిడిగా చూసి, ఇద్దరూ ఒకే మాట అంటేనే. గైడ్ "ఓకే" అన్నా మీకు అనుమానంగా ఉంటే కాల్చను అనండి, మంచి గైడ్ ఏమీ అనుకోడు. ఫిష్ అండ్ గేమ్ వాళ్ల సైట్‌లో ఫోటోలతో గైడ్ పుస్తకం ఉచితంగా ఉంది. రోజుకి పది ఫోటోలు, జవాబు చూడకుండా చెప్పి సరిచూసుకోండి.

రైఫిల్. .243 గొర్రెకి చాలదని కాదు. 300 గజాలు దాటాక గాలికి ఎక్కువ కొట్టుకుపోతుంది, పైగా ఎలుగుబంట్లున్న చోటు. .270, 6.5 క్రీడ్‌మూర్, 7ఎంఎం-08, ఇలాంటిది ఏదైనా స్కోపుతో కలిపి ఏడున్నర పౌండ్లు దాటకుండా ఉంటే చాలు. .270లో 130 గ్రెయిన్ బరువున్న తూటాకి 200 గజాల దగ్గర జీరో పెడితే (అంటే అక్కడ గురి పెట్టిన చోటే తగిలేలా స్కోపు సర్దితే), 300 దగ్గర ఆరేడు అంగుళాలు, 400 దగ్గర 19-20 అంగుళాలు కిందికి దిగుతుంది. వాలులో కాల్చేటప్పుడు అడ్డంగా ఉన్న దూరమే లెక్క. 30 డిగ్రీల వాలులో 400 గజాలంటే తూటాకి అది 346 గజాలే. కోణం లెక్కగట్టే రేంజ్‌ఫైండర్ కొనండి. టెక్సస్ బెంచి మీద కూర్చుని సాధన చేస్తే లాభం లేదు. బ్యాగు మీద రైఫిల్ ఆనించి, బోర్లా పడుకుని, మెట్లు పరిగెత్తి వచ్చిన ఊపిరితో 300 గజాల దగ్గర ఆరంగుళాల ప్లేటుకి పదికి తొమ్మిది తగలాలి. గొట్టం మూతికి ఎలక్ట్రికల్ టేప్ ఒక ముక్క అతికించండి, వాన నీళ్లు లోపలికి పోవు, తీయకుండానే కాల్చొచ్చు. విమానం దిగాక ఒకసారి జీరో సరిచూసుకోవడం మానొద్దు.

గొర్రెలు ప్రమాదం కింద నుంచి వస్తుందనుకుని కిందికే చూస్తుంటాయి. కాబట్టి పై నుంచి దిగాలి. ఎండెక్కాక గాలి పైకి లేస్తుంది, పొద్దువాలాక చల్లగాలి కిందికి జారుతుంది. పొట్టేలు పైన మీరుండి సాయంత్రం అయిందంటే మీ వాసన నేరుగా దాని ముక్కుకే.

ఫ్రిస్కో_శ్రీను

అందరికీ చాలా థాంక్స్ అండీ. బావమరిది నా భార్య సొంత తమ్ముడే, కానీ అతను గొర్రె వేటకి ఎప్పుడూ వెళ్లలేదు. కాబట్టి గైడే. ముందు టెక్సస్‌లోనే ఔడాడ్ అనే కొండగొర్రె వేటకి వెళ్లి అలవాటు చేసుకోమంటున్నారు కొందరు. పనికొస్తుందా? పొట్టేలు పడ్డాక ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పండి.

డెన్వర్_డుంబు

ఔడాడ్ సగం పనికొస్తుంది. ఉత్తర ఆఫ్రికా జంతువు, 1950ల చివర్లో పాలో డ్యూరో కాన్యన్‌లో వదిలారు, ఇప్పుడు పశ్చిమ టెక్సస్ కొండలన్నిటా ఉంది. సీజన్ లేదు, ట్యాగ్ లేదు, లైసెన్స్, భూమి యజమాని అనుమతి ఉంటే చాలు. కంచె లేని చోట గైడ్‌తో రెండు మూడు రోజుల వేట డాల్ ఖర్చుకన్నా చాలా తక్కువ. దూరాలు, వాలులో కాల్చడం, గంటల తరబడి స్కోపులో వెతకడం బాగా వస్తాయి. జనవరి, ఫిబ్రవరిలో వెళ్లండి, వేసవిలో పాములు, ఎండ.

కొమ్ములెక్క

కొమ్ము లెక్క మాత్రం ఔడాడ్ నేర్పదు. దానికి చట్టం పెట్టిన కొలత లేదు, ఆడదానికీ కొమ్ములుంటాయి. జీపులో తిప్పే రాంచ్ అయితే కాళ్లకీ పని ఉండదు. నడిపించే గైడ్‌ని అడిగి మరీ వెళ్లండి. ఔడాడ్ గుండె జింకకన్నా ముందుకి, కిందికి ఉంటుంది. జింక అలవాటుతో భుజం వెనక కొడితే గంటలు వెతకాలి.

ఆంకరేజ్_అన్న

పడ్డంక పని: ముందు ఫోటోలు, తర్వాత కత్తి. తలకాయ గోడకు పెట్టుకోవాలంటే జబ్బల ఎనుక దాకా తోలు ఉంచాలె, గొంతు కింద కొయ్యొద్దు. వీపు మీద మెడ ఎంబడి చీరాలె. అది గైడ్ చేస్తడు, నువ్వు కాళ్లు పట్టుకో. మాంసం మాత్రం మొత్తం తేవాలె, చట్టం: తొడలు, జబ్బలు, వెన్ను కండలు, లోపలి మెత్తటి కండ, మెడ, పక్కటెముకల మీది మాంసం గూడ. కొమ్ములు ఆఖరి మోతతోనే కదలాలె, మాంసం ఇడిచిపెట్టి కొమ్ములు ముందు తెస్తే కేసు.

ఎముకలు తీసినంక మాంసం 60-80 పౌండ్లు, తోలు, కొమ్ములు ఇంకో 30. ఇద్దరు పంచుకున్నా క్యాంపు సామానుతోటి చెరో 90 పౌండ్లు దాటుతది. డుంబు చెప్పిన మెట్లు దిగుడు గందుకే. మాంసాన్ని ప్లాస్టిక్ సంచిల కట్టొద్దు, గుడ్డ సంచులల్ల గాలి తగిలేటట్టు నీడకు వేలాడదీయాలె. తోలుకు అయోడిన్ లేని సన్నుప్పు, తోలు బరువంత ఉప్పు. చెవులు తిప్పి, పెదవులు చీల్చి లోపల దాకా రుద్దకుంటే వెంట్రుకలు ఊడొస్తయి.

కొమ్ములు పుర్రె ముక్కకు అంటుకోనే ఉండాలె. 30 దినాలల్ల ఫిష్ అండ్ గేమ్ ఆఫీసుల చూపిస్తే కొలిచి, కొమ్ముకు రంధ్రం వేసి నంబర్ ఉన్న ప్లగ్ కొడతరు. ఆ పని ఆంకరేజ్‌లనో ఫెయిర్‌బ్యాంక్స్‌లనో అయ్యేదాంక టెక్సస్ విమానం ఎక్కకు. ఆఫీసు శనివారం, ఆదివారం బంద్ ఉంటది, టికెట్ తీసేటప్పుడే చూసుకో. మాంసం గడ్డకట్టించి మైనం పూసిన చేపల డబ్బాల పెడితే 50 పౌండ్ల చొప్పున చెక్-ఇన్ల పోతది. ఇండియాకు మాత్రం కొమ్ములు గానీ తోలు గానీ తీస్కపోవాలని అనుకోకు, కస్టమ్స్‌ల పట్టుకుంటరు.